రణరంగంలో పురోహితుడు

దైవసేవకు జీవితాన్ని అర్పించిన మనిషికి యుద్ధభూమిలో ఏమి పని? ఈ ప్రశ్న కొత్తది కాదు. బ్రాహ్మణుడై పుట్టి విల్లు చేపట్టినందుకు ద్రోణుని భీమసేనుడు నిండు రణంలోనే నిందించాడని భారతం చెబుతున్నది. అయితే విల్లు చేపట్టిన బ్రాహ్మణుని గూర్చి తీర్పు చెప్పడం కష్టం కాదు. విల్లు చేపట్టకుండా, చేపట్టినవారి ప్రక్కన నిలిచినవాని సంగతి ఏమిటి? అతడు ఎవరినీ చంపడు. చంపడానికి పోయేవారిని ఆశీర్వదిస్తాడు, చావడానికి పడి ఉన్నవారిని ఓదారుస్తాడు, చచ్చినవారిని మంత్రపూర్వకంగా మట్టికి అప్పగిస్తాడు. అతడు యుద్ధంలో ఉన్నాడా, లేడా? యుద్ధపు పాపంలో అతనికి పాలు ఉన్నదా, లేదా?

ఈ విషయం ఆలోచించినప్పుడెల్లా నాకు హౌరాలోని ఒక చోటు జ్ఞాపకం వస్తుంది. కలకత్తాకు ఎదుటి ఒడ్డున, శిబ్‌పూర్‌లో, 1787లో వెలసిన వృక్షోద్యానానికి ప్రక్కనే, కలకత్తా మొదటి బిషప్పు మిడిల్టన్ 1820లో ఒక కళాశాలకు పునాది వేశాడు. దానికి బిషప్స్ కాలేజి అని పేరు. ఈ దేశపు యువకులను క్రైస్తవ గురువులుగా తీర్చిదిద్దడం దాని ఉద్దేశం. కృష్ణమోహన్ బందోపాధ్యాయుడు అక్కడ అధ్యాపకుడుగా ఉన్నాడు. 1885లో మరణించిన తరువాత ఆయనను శిబ్‌పూర్‌లోనే సమాధి చేశారు. మైకేల్ మధుసూదన దత్తు 1844 నుండి 1847 వరకు అక్కడ విద్యార్థి. అరవై ఏండ్లు గడిచేసరికి ఆ కళాశాల నదిని దాటి కలకత్తాకు తరలిపోయింది. 1880లో ఆ ఆవరణలోకి ప్రభుత్వపు ఇంజనీరింగు కళాశాల వచ్చింది. ప్రార్థనలు వినిపించిన గోడల మధ్య వంతెనల లెక్కలు వినిపించసాగాయి. నేటికీ అక్కడ ఇంజనీర్లే తయారవుతున్నారు.

ఆ మార్పు జరుగుతున్న రోజులలోనే, కాబూలు సమీపంలో ఒక కాలువలో ఒక పాదిరి నడుములోతు నీటిలో నిలబడి గుఱ్ఱాల క్రింద నలిగిపోతున్న మనుషులను పైకి లాగుతున్నాడు. ఆయన శిబ్‌పూర్ కళాశాలలో చదివినవాడు కాడు. కాని ఆ కళాశాలను స్థాపించిన కలకత్తా బిషప్పు పీఠమే ఆయన భారతదేశపు ఉద్యోగానికీ మొదటి గడప. పేరు జేమ్స్ ఆడమ్స్. నేను ఎత్తుకొన్న ప్రశ్న ఆయన జీవితంలో సంపూర్ణంగా రూపు కట్టినది కనుక, ఆ జీవితాన్ని ముందు చెప్పి, ప్రశ్నను తరువాత విచారిస్తాను.

ఆడమ్స్ 1839లో ఐర్లండులోని కార్క్ నగరంలో జన్మించాడు. డబ్లిన్‌లోని ట్రినిటీ కళాశాలలో చదివాడు. దేహబలంలోను, గుఱ్ఱపు స్వారిలోను దిట్ట అని పేరు. 1863, 1864 సంవత్సరాలలో ఆంగ్లికన్ సంఘంలో గురుత్వ దీక్షలు పొంది, ఇంగ్లండులో రెండు మూడేండ్లు చిన్న ఊళ్ళలో సహాయ గురువుగా పనిచేశాడు. 1866లో బెంగాలు రాజధానిలోని ప్రభుత్వ మతశాఖలో చాప్లెయినుగా, అనగా ఉద్యోగపు గురువుగా, కలకత్తాకు వచ్చాడు. ఆ నాటికి హౌరాలో బయలుదేరిన రైలు మార్గం ఢిల్లీ వరకు ప్రాకుతున్నది. సైనికులు గాని, సరకులు గాని, ఉత్తర సరిహద్దుకు పోయే పాదిరులు గాని, కలకత్తానుండి పడవ మీద నది దాటి హౌరాలో రైలెక్కవలసినదే; తేలుడు వంతెన 1874లో గాని రాలేదు. ఆడమ్స్‌కు కలకత్తాలో తీవ్రమైన జ్వరం వచ్చింది. సింహళంలో కొంతకాలం విశ్రాంతి తీసుకొన్న పిమ్మట ఆయనను పెషావరుకు పంపారు. అక్కడ కలరా సోకిన శిబిరాలలో రోగులకు పరిచర్య చేసి మెప్పు పొందాడు.

ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. కలరాకు పక్షం లేదు. ఆ శిబిరంలో పాదిరి చేసిన పనిని ఏ మతంవాడూ, ఏ దేశంవాడూ తప్పు పట్టడు. చిక్కు అంతా మనిషికి మనిషి శత్రువైన చోట మొదలవుతుంది.

1878లో రెండవ అఫ్గాన్ యుద్ధం వచ్చింది. ఆడమ్స్ జనరల్ రాబర్ట్స్ సేనతో వెళ్ళాడు. మరుసటి సంవత్సరం, 1879 డిసెంబరు 11న, కాబూలుకు కొద్ది దూరంలో కిల్లా కాజీ అనే చోట బ్రిటిషు అశ్వదళం తనకన్న ఎన్నో రెట్లు పెద్దదైన అఫ్గాను సేనను ఎదుర్కొని వెనుదిరగవలసి వచ్చింది. తొమ్మిదవ లాన్సర్ల దళంలోని కొందరు రౌతులు గుఱ్ఱాలతోసహా ఒక లోతైన కాలువలో పడిపోయారు. గుఱ్ఱాలు పైన, మనుషులు క్రింద; చుట్టూ నీరు. ఆడమ్స్ నీటిలోకి దూకాడు. గుళ్ళు వర్షిస్తుండగా గుఱ్ఱాలను ఈడ్చివేసి, వాటి క్రింద చిక్కుకొన్నవారిని బయటికి తీశాడు. రెండు చేతులూ కావలసి రావడంచేత తన గుఱ్ఱాన్ని ముందే వదిలివేశాడు. ముందు నడుస్తున్న అఫ్గానులు కొద్ది గజాల దూరానికి వచ్చేవరకు ఆ పని చేసి, చివరకు కాలినడకను తప్పించుకొన్నాడు.

ఈ సాహసానికి విక్టోరియా క్రాస్ ఇవ్వవలెనని రాబర్ట్స్ కోరాడు. కాని నియమాలు అడ్డు వచ్చాయి. ఆ పతకం సైనికులది. పాదిరి సైనికుడు కాడు. 1881లో రాణి ఒక ప్రత్యేక శాసనం వెలువరించి, భారతదేశపు మతశాఖవారికి కూడ దానిని వర్తింపజేసిన తరువాతనే ఆ పతకం ఆయనకు లభించింది. సైన్యానికి చెందని వ్యక్తులు దానిని పొందినది ఐదుగురే. నలుగురు 1857-58 నాటి తిరుగుబాటు కాలంలో, ఐదవవాడు ఆడమ్స్. తరువాత 1880లో రాబర్ట్స్ కాబూలునుండి కాందహారుకు చేసిన ప్రసిద్ధమైన దండయాత్రలోను, 1885 తరువాత బర్మాలోను ఆయన పనిచేశాడు. 1886లో స్వదేశానికి మరలి, ఇంగ్లండులో పల్లెటూరి దేవాలయాలలో గురువుగా కాలం గడిపి, 1903లో మరణించాడు.

కథ ఇంతే. ఇప్పుడు ప్రశ్న.

ఆ రాజశాసనంలోని చిక్కును గమనించండి. పతకం ఇవ్వడానికి ప్రభుత్వం ఎందుకు తడబడింది? పాదిరి యుద్ధంలో ఉండి కూడ యుద్ధానికి చెందడు అన్న భావన దాని నియమాలలోనే ఉన్నది. ఆ భావనను కాపాడి ఉంటే ఆయనకు పతకం రాదు. పతకం ఇచ్చిన క్షణాన, చంపినందుకు ఇచ్చేదీ కాపాడినందుకు ఇచ్చేదీ ఒకే లోహపు ముక్క అయింది. గౌరవించాలన్న సదుద్దేశంతోనే కావచ్చును. కాని ఆ గౌరవం పాదిరిని సైన్యపు లెక్కలోకి ఎక్కించింది. పాదిరి అన్న మాటకు పోర్చుగీసు మూలంలో అర్థం తండ్రి అని. తండ్రికి బిడ్డలందరూ సమానం. ఒక సైన్యానికి మాత్రమే తండ్రి అయినవాడు ఆ మాటకు ఎంతవరకు తగుతాడు?

దీనికి రెండు సమాధానాలు ఉన్నవి. రెండూ గొప్పవారి నోట వచ్చినవే.

మొదటి సమాధానం గాంధీ మహాత్మునిది. బోయరు యుద్ధంలోను, 1906లో జూలూల తిరుగుబాటులోను, ఆయన క్షతగాత్రులను మోసే దళాలు నడిపాడు. తెల్లవారు ముట్టడానికి ఇష్టపడని జూలూ క్షతగాత్రులకు ఆ దళం వారే పరిచర్య చేశారు. 1914లో లండన్‌లో మరల అటువంటి దళం ఏర్పరచాడు. ఇంత చేసిన మనిషి తన ఆత్మకథలో తన్ను తాను విడిచిపెట్టలేదు. దొంగల గుంపుకు బరువులు మోసేవాడూ, కాపలా కాసేవాడూ, గాయపడినప్పుడు సేవ చేసేవాడూ ఆ దొంగతనంలో భాగస్వాములే. యుద్ధంలో క్షతగాత్రులకు సేవ చేసేవాడు కూడ యుద్ధదోషం నుండి తప్పించుకోలేడు అని ఆయన తేల్చాడు. 1918లో ఖేడా జిల్లాలో సైన్యానికి మనుషులను చేర్చడానికి ఆయన తిరిగినప్పుడు, దానిని ఒప్పుకోలేక వాదించిన మిత్రుడు ఒక ఆంగ్లికన్ గురువే: చార్లెస్ ఫ్రీర్ ఆండ్రూస్. సత్యాగ్రహి సైన్యానికి మనుషులను పిలవడమూ, క్రైస్తవ గురువు వద్దనడమూ, చరిత్రలోని విచిత్రమైన ముచ్చట. ఆండ్రూస్ 1914లోనే గురుత్వపు విధులను వదిలి శాంతినికేతనం చేరాడు. 1940లో కలకత్తాలో కన్నుమూసి అక్కడే సమాధి పొందాడు. ఏ సామ్రాజ్యం ఆడమ్స్‌కు జీతమిచ్చిందో దానికి ఎదురుగా నిలిచి, ఆండ్రూస్ గురువు అన్న మాటకు వేరొక అర్థం చెప్పాడు.

రెండవ సమాధానం సిక్కు సంప్రదాయంలోని ఒక కథలో ఉన్నది. పద్దెనిమిదవ శతాబ్దపు ఆరంభంలో ఆనందపురం ముట్టడి జరుగుతుండగా, కన్హయ్య అనే భక్తుడు తోలుసంచితో రణభూమిలో తిరుగుతూ, పడి ఉన్నవారికి నీళ్ళు పోసేవాడట. తమవారికే గాక శత్రువులకూ పోస్తున్నాడని గురు గోవిందసింగునకు ఫిర్యాదు వచ్చింది. నిజమేనా అని గురువు అడిగితే, నాకు అక్కడ శత్రువు కనిపించడంలేదు, అందరిలోను మీరే కనిపిస్తున్నారు అన్న భావంతో కన్హయ్య బదులు పలికాడట. గురువు కోపించలేదు. నీళ్ళతో పాటు గాయాలకు మందు కూడ పూయుమని లేపనం ఇచ్చి పంపాడు. ఈ కథలో యుద్ధం ఆగలేదు. గురువే ఆ యుద్ధానికి నాయకుడు. అయినా అందులో ఒక మనిషి యుద్ధానికి లోబడక యుద్ధంలో తిరిగాడు.

ఈ రెంటిలో ఏది సత్యం? గాంధీజీ చెప్పినది కర్మను గూర్చి. కన్హయ్య చూపినది చూపును గూర్చి. కర్మ దృష్టితో చూస్తే ఆడమ్స్‌కు తప్పించుకొనే దారి లేదు. ఆయన జీతం భారతదేశపు పన్నులనుండి వచ్చేది. అఫ్గానుల మీదికి నడిచిన సేనకు ఆయన మతాధికారి. ఆ యుద్ధం ఏమి చేసిందో కూడ మరువరాదు. 1879 సెప్టెంబరు 3న కాబూలులో బ్రిటిషు ప్రతినిధి కావన్యారిని పరివారంతోసహా అఫ్గాను సైనికులు చంపారు. అక్టోబరులో కాబూలు ప్రవేశించిన రాబర్ట్స్, సైనిక న్యాయస్థానాలు ఏర్పరచి పలువురిని ఉరితీయించాడు. ఉరికంబమెక్కినవారిలో హత్యలో పాల్గొన్నవారే గాక, తమ దేశం మీదికి వచ్చిన సైన్యాన్ని ఎదిరించినవారు కూడ ఉన్నారని ఇంగ్లండులోనే ఫ్రెడరిక్ హారిసన్ వంటి రచయితలు తీవ్రంగా ఖండించారు. ఖండించడానికి లండన్‌లో ఒక రచయిత కావలసి వచ్చాడు. ఆ సేనతోపాటు ధర్మం చెప్పడానికే జీతం తీసుకొని వెళ్ళిన శాఖ ఒకటి ఉన్నది గదా!

ఇదే నేను అసలు చెప్పదలచినది. రణరంగంలోని పురోహితునికి మూడు ధర్మాలు ఉన్నవి. మరణించేవానికి ఊరట ఇవ్వడం మొదటిది. బ్రదికి ఉన్నవారికి, ముఖ్యంగా అధికారులకు, సత్యం చెప్పడం రెండవది. శత్రువును మనిషిగా చూడడం మూడవది. మొదటి ధర్మానికి ధైర్యం చాలును. ఆడమ్స్‌కు అది నిండుగా ఉన్నది. రెండవ ధర్మానికి వేరొక ధైర్యం కావలెను. గుండుకు ఎదురు నిలవడంకన్న, తనను మెచ్చుకొనే సేనాపతికి ఎదురు చెప్పడం కష్టం. రాజ్యం తన పురోహితునినుండి మొదటి ధర్మాన్ని కోరుతుంది, దానికి పతకమిస్తుంది. రెండవదానిని కోరదు. మూడవదానిని అనుమానంతో చూస్తుంది.

రాజ్యం సంగతి మన కౌటిల్యునికి బాగా తెలుసును. సంగ్రామ సమయంలో మంత్రీ పురోహితుడూ యోధులకు ఉత్సాహం కలిగించవలెననీ, వైద్యులు శస్త్రాలతోను, లేపనాలతోను, కట్టుగుడ్డలతోను, స్త్రీలు అన్నపానాలతోను సేన వెనుక నిలవవలెననీ అర్థశాస్త్రంలో విధించాడు. ఆయన దాపరికం లేని మనిషి. పురోహితుడూ, వైద్యుడూ, అన్నం పెట్టే స్త్రీ కూడ సేనాబలంలో లెక్కే అని స్పష్టంగా చెప్పాడు. ఆ లెక్కలో ఇమిడిపోయిన నాడు పురోహితుడు భేరీ మ్రోగించేవానికన్న భిన్నుడు కాడు.

ఆ ఇమిడిపోవడం ఎంత సులభమో ఇరవయ్యవ శతాబ్దంలో ఒకరి జీవితం చూపింది. మొదటి ప్రపంచయుద్ధంలో స్టడర్ట్ కెన్నెడీ అనే ఆంగ్లికన్ గురువు ఫ్రాన్సులోని కందకాలకు వెళ్ళాడు. సైనికులకు ఉడ్‌బైన్ సిగరెట్లు పంచిపెట్టడంచేత ఉడ్‌బైన్ విల్లీ అని ముద్దు పేరు పడ్డది. 1917లో మెస్సీన్ వద్ద గుళ్ళ మధ్య పరుగెత్తి క్షతగాత్రులకు సాయపడినందుకు పతకం కూడ పొందాడు. ఆయనే బయనెట్టు విద్య నేర్పే బృందంతో తిరిగి, సైనికులకు పోరాటపు ఉత్సాహం ఎక్కించే ఉపన్యాసాలు ఇచ్చాడు. యుద్ధం ముగిసిన తరువాత ఆ పనిని తలచి బాధపడ్డాడు. 1929లో మరణించే వరకు యుద్ధాన్ని ఖండిస్తూ, పేదల పక్షాన మాట్లాడుతూ తిరిగాడు. ఒకే మనిషి, ఒకే యుద్ధంలో, ఒక చేత్తో గాయాలు కట్టి, వేరొక నోట గాయాలు చేయించాడు. మొదటి పని అతని హృదయానిది. రెండవది అతని పదవిది. పదవి హృదయాన్ని ఎప్పుడు మ్రింగివేసిందో అతనికే తెలియలేదు. తెలిసినప్పుడు దాచుకోలేదు, అది అతని గొప్పతనం.

అట్లయితే యుద్ధానికి పోయే పాదిరి పోరాదని చెప్పవలెనా? నేను అట్లా చెప్పలేను. కాలువలో గుఱ్ఱం క్రింద పడి ఊపిరాడక కొట్టుకొనేవాడు, నన్ను లాగే చేయి ఏ ప్రభుత్వపు జీతం తింటున్నదని అడగడు. ఆ యుద్ధం అన్యాయమైనది కనుక ఆ రౌతు మునిగిపోవలెనని ధర్మం చెప్పదు. ఆ రౌతు ఆ యుద్ధాన్ని తలపెట్టలేదు. పేదవాడై సైన్యంలో చేరి ఉండవచ్చును. అతనిని కాపాడడం సత్కర్మయే. యుద్ధం ఆ సత్కర్మను మలినపరచలేదు. అయితే దీనికి మరొక ప్రక్క కూడ ఉన్నది: ఆ సత్కర్మ యుద్ధాన్ని పవిత్రం చేయలేదు. పతకాలు, శాసనాలు, స్మారక ఫలకాలు మనల్ని మభ్యపెట్టేది ఇక్కడే. పాదిరి వీరత్వాన్ని చూపి యుద్ధం ఘనమైనదని నమ్మిస్తాయి. గంగలో మునిగినవానిని కాపాడిన పడవవాని మంచితనం వరదకు చెందదు.

ఈ విచక్షణ కవులకు ముందే తెలిసింది. శిబ్‌పూర్ కళాశాలలో చదివి గురువు కాకుండా పోయిన మధుసూదనుడు 1861లో మేఘనాదవధ కావ్యం వ్రాశాడు. అందులో ఆయన కన్నీరు రాముని శిబిరం వద్ద ఆగలేదు. లంకలో కుమారుని పోగొట్టుకొన్న రావణుని దుఃఖం వరకు నడిచింది. అపరాధి ఇంటిలోని శోకం కూడ శోకమే అని ఆయన బంగాళీలకు చెప్పాడు. పాదిరులను తయారుచేయడానికి కట్టిన కళాశాల విద్యార్థులలో మూడవ ధర్మాన్ని నిర్వహించినవాడు ఒక కవి అయినాడు.

తెలుగువారికి దీనికోసం అంత దూరం పోనక్కరలేదు. తిక్కన తెనిగించిన స్త్రీపర్వంలో గాంధారి యుద్ధభూమిలో తిరుగుతుంది. తన నూరుగురు కొడుకులకోసం ఏడ్చిన ఆ తల్లి అభిమన్యుని శవం చూచి కూడ ఏడ్చింది. ఉత్తర దుఃఖాన్ని తన దుఃఖంగా చెప్పుకొన్నది. ఆ క్షణంలో ఆమె కౌరవ మాత కాదు. రణరంగంలో నిజమైన పురోహిత కార్యం నడిపినది ఆమెయే అని నాకు తోస్తుంది. ఆమె ఎవరినీ ఆశీర్వదించలేదు, ఎవరి జయాన్నీ కోరలేదు. యుద్ధాన్ని ఆపగలిగి ఆపలేదని సాక్షాత్తు కృష్ణునే నిలదీసింది. మరణించినవారికి కన్నీరు, శత్రువు బిడ్డకు పాలు, సమర్థునికి నిష్ఠురసత్యం. మూడు ధర్మాలూ ఆమెలో ఉన్నవి.

1947 తరువాత ఈ దేశంలో ప్రభుత్వపు ఆంగ్లికన్ మతశాఖ లేదు. అంతమాత్రాన ప్రశ్న పోలేదు. నేటి మన సైన్యంలోనూ పండితులు, మౌల్వీలు, గ్రంథీలు, పాదిరులు ధర్మగురువులుగా ఉన్నారు. ప్రపంచంలో ఇంచుమించు ప్రతి సైన్యమూ ఏదో ఒక దేవుని పేర ఒక మనిషిని వెంట తీసుకొనిపోతున్నది. ఆ మనిషి తన్ను తాను ఒక ప్రశ్న వేసుకోవాలి: నన్ను వీరు తీసుకొనిపోతున్నది దేవుడు వీరిని ప్రశ్నించడానికా, దేవుడు వీరిని సమర్థించడానికా? ఆ ప్రశ్న గురువులకే పరిమితం కాదు. అన్యాయం మీద నడిచే సంస్థలో మంచి పని చేసే ప్రతి ఉద్యోగికీ, వైద్యునికీ, ఉపాధ్యాయునికీ అదే ప్రశ్న. నా చేయి శుభ్రంగా ఉన్నదని తృప్తిపడడం చాలదు. నా శుభ్రమైన చేతిని చూపి ఎవరు దేనిని దాచుకొంటున్నారో కూడ చూడాలి.

శిబ్‌పూర్‌లో, మరలిపోయిన ఆ కళాశాల ప్రక్కన, హుగ్లీ ఇప్పటికీ మట్టి రంగుతో ప్రవహిస్తున్నది. ఆ నీటిలో ఎవరైనా కాలు జారితే ఒడ్డున ఉన్నవాడు అతని మతం, దేశం అడగకుండా దూకుతాడు. 1879లో కాబూలు కాలువలో ఆడమ్స్ చేసినది ఆ పనియే. ఆ చేతిని మనం గౌరవింతము. ఆ చేతికి పతకం కట్టిన యుద్ధాన్ని మాత్రం ఆ గౌరవంలో పాలు అడగనీయరాదు.